దొడ్డమ్మగారి వంతు

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కంచం కడుక్కుంటూ ఉండగా మా చర్చి సంఘంవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక జాబితా వచ్చింది. ఈ శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల్లో, ఏ సాయంత్రం ఎవరింట్లో ప్రార్థన కూడికో తెలిపే పట్టిక అది. తేదీ, వారం, ఇంటివారి పేరు, వీధి, వాక్యం చెప్పేవారు, మొత్తం ఐదు గళ్ళు. జాబితా ఏది కనబడినా తప్పులు వెతకడం నా పాత జబ్బు కాబట్టి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివాను. తప్పులేమీ లేవు. నా పేరూ లేదు.

నిడదవోలులో స్టేషనుకి దగ్గరగా, రెండు గదుల అద్దె ఇంట్లో ఒక్కడినే ఉంటున్నాను. ముప్పై ఎనిమిది నిండాయి. ఎందుకు ఒక్కడినే అన్నది పెద్ద కథేమీ కాదు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు కానీ అన్నారు, ఆ తరవాత ఉద్యోగం కుదురుకోనీ అన్నారు, ఆ తరవాత అడిగేవాళ్ళు అడగడం మానేశారు. మన ఈడువాళ్ళలో ఇలాంటివాళ్ళు వీధికి ఒకరిద్దరు తేలుతున్నారని మీకూ తెలిసే ఉంటుంది. ఆ జాబితా తయారుచేసినామె కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి, నెమ్మదైన మనిషి. నన్ను ఎందుకు వదిలేసిందో నేను ఎవరినీ అడగనక్కరలేదు, ఎందుకంటే పద్నాలుగేళ్ళ కిందట మండపేటలో సరిగ్గా అలాంటి జాబితా తయారుచేసినవాణ్ణి నేనే.

అప్పటికి డిప్లొమా పూర్తయి, అక్కడి ఒక రైసుమిల్లులో, రంగు మారిన గింజను కెమెరాతో కనిపెట్టి గాలితో పక్కకి ఊదేసే యంత్రం దగ్గర ఆపరేటరుగా చేరి ఏడాది అయింది. మిల్లు ఆఫీసు కంప్యూటరు మీద నాకు చెయ్యి ఆడుతుందని తెలిసి సంఘ పెద్దలు ఆ ఏడు కూడికల జాబితా నాకు అప్పగించారు. అంతకు ముందు అయ్యగారే, అంటే మా పాస్టరుగారే, ఒక అట్ట ఊడిన నోటుపుస్తకంలో రాసుకునేవారు; ఒక్కోసారి ఒకే సాయంత్రానికి రెండిళ్ళు పడేవి, కొందరింటికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం, అయినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. నాకా గందరగోళం నచ్చలేదు. సంఘంలో ఇళ్ళు యాభై పైచిలుకు, సాయంత్రాలు నలభై, కాబట్టి కొన్ని తీసెయ్యాలి. తీసెయ్యడానికి మూడు నియమాలు పెట్టుకున్నాను. ఇరవై మంది కూర్చునే చోటు ఉండాలి. టీ కాయడానికీ అందించడానికీ ఇంట్లో కనీసం ఇద్దరుండాలి. వీధిలో దీపం ఉండాలి. రెండో నియమం దగ్గర, ఒంటరిగా ఉంటున్నవాళ్ళందరూ ఒక్క దెబ్బకి పోయారు. అది తప్పుగా తోచలేదు సరికదా, వాళ్ళకి శ్రమ తప్పించానని కొంచెం సంతోషం కూడా కలిగింది.

అలా పోయినవాళ్ళలో దొడ్డమ్మగారు ఒకరు. సొంత దొడ్డమ్మ కాదు, మా అమ్మకి దూరపు అక్క వరస. స్కూల్లో లెక్కలు చెప్పి ఆ ముందు వేసవిలోనే రిటైరయ్యారు. తమ్ముళ్ళని చదివించే హడావుడిలో ఆవిడ పెళ్ళి మాట దాటిపోయింది, తమ్ముళ్ళేమో ఎవరి ఊళ్ళు వాళ్ళు పట్టుకున్నారు. బడి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే రెండొందల మంది నమస్కారం పెట్టేవారు. రిటైరైన మర్నాటి నుంచి గుమ్మంలోకి వచ్చి పలకరించేది పాలు పోసే మనిషి ఒక్కడే. మా మిల్లు వెనక గేటుకి ఎదురుగా ఉండేది ఇల్లు. ఆ ఏడు కూడికలు మొదలవకముందే ఆవిడ బజారుకి వెళ్ళి ఒక పెద్ద చాపా, రెండు డజన్ల స్టీలు గ్లాసులూ కొని తెచ్చుకున్నారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆవిడ ప్రతి సాయంత్రమూ టార్చిలైటూ కీర్తనల పుస్తకమూ పట్టుకుని అందరిళ్ళకీ వచ్చి, గుమ్మం పక్కన కూర్చునేవారు. రెండో వారంలో ఒకరింట్లో టీ తాగి చెప్పులు వేసుకుంటూ ఉంటే నన్ను ఆపారు.

“ఏంటయ్యా, మా ఇంటి వంతు ఎప్పుడు పడింది? అయ్యగారు చదివినప్పుడు నాకు సరిగ్గా వినపడలేదు.”

“మీరు ఒక్కరే కదండి దొడ్డమ్మగారూ, మీకెందుకు ఇబ్బందని వెయ్యలేదండి.”

“నన్ను ఇబ్బంది పెట్టేవాళ్ళు ఎవరున్నారయ్యా? నువ్వైనా పెట్టు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు, ఆవిడా నవ్వారు. పోనీ ఎవరైనా మానుకుంటే ఆ రోజు తనకి వెయ్యమన్నారు. చూద్దామండి అన్నాను. పెద్దవాళ్ళకి మొహం మీద కాదని చెప్పలేక మనం చూద్దామండి అంటాం, పెద్దవాళ్ళూ దాని అర్థం తెలిసి ఊరుకుంటారు. నలభై ఏళ్ళు పిల్లల చేత జవాబులు చెప్పించిన ఆవిడ మాత్రం దాన్ని జవాబనే అనుకున్నారు.

ఐదో వారంలో, కూడిక జరగవలసిన ఒక ఇంట్లో పిల్లకి ఆటలమ్మ పోసింది. పొద్దున్నే కబురు రాగానే నేను పద్ధతి ప్రకారం ఆ సాయంత్రాన్ని పక్క వీధిలో ఇంకొకరింటికి మార్చి, జాబితాలో ఉన్న ఇళ్ళన్నిటికీ వరసగా ఫోన్ చేసి, చేసిన ప్రతి పేరు పక్కనా టిక్కు పెట్టాను. దొడ్డమ్మగారు జాబితాలో లేరు. ఆటలమ్మ సంగతి మాత్రం ఆవిడకి ఇరుగుపొరుగు వాళ్ళ వల్ల తెలిసింది. ఆ సాయంత్రం గుమ్మం పక్కన ఆవిడ చోటు ఖాళీగా ఉండడం చూశాను, మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను, కీర్తన అందుకున్నారు, మరిచిపోయాను.

మర్నాడు ఉదయం షిఫ్టుకి వెళ్ళేసరికి వెనక గేటు దగ్గర లారీకి బస్తాలెత్తే హమాలీలు గుంపుగా కూర్చుని పూర్ణం బూరెలు తింటున్నారు. మధ్యలో పెద్ద గిన్నె పెట్టుకుని దొడ్డమ్మగారు నిలబడి వడ్డిస్తున్నారు.

“తినండ్రా, మొహమాటపడకండి. నిన్న మా ఇంట్లో కూడిక పెట్టుకున్నాం, మిగిలాయి.”

“ఇన్ని మిగిలాయంటే ఎవరూ రాలేదాండి టీచరుగారూ?” అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, వేళాకోళానికే.

“ఎందుకు రాలేదు? చాప చాల్లేదు, అరుగు మీద కూడా కూర్చున్నారు.”

అప్పుడు నన్ను చూశారు. ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఆ పెద్ద హమాలీ నా వైపు తిరిగి, మీరు కూడా వెళ్ళారా సారూ అని అడిగాడు.

“వెళ్ళాను, బాగా జరిగింది,” అన్నాను.

ఆ ఏడు ఆవిడకి నేను చేసిన సాయం అదొక్కటే. ఆవిడ రెండు బూరెలు ఒక కాగితంలో పెట్టి ఇచ్చారు. పైన పిండి తోపు రాత్రంతా ఉండి మెత్తబడిపోయింది. యంత్రం పక్కన నిలబడి తిన్నాను. అద్దంలోంచి చూస్తుంటే మంచి బియ్యం తిన్నగా కిందికి జారుతున్నాయి, మిగతావి టకటకమని పక్కకి పోతున్నాయి.

తరవాతి ఏడాది జాబితాలో మొట్టమొదటి పేరు దొడ్డమ్మగారిదే వేశాను, రెండో నియమం కొట్టేశాను. ముందుగా చెప్పి సంతోషపెడదామని ఇంటికి వెళితే ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే, ఈ ఏడు వద్దులే నాయనా అన్నారు. మోకాళ్ళు సహకరించడం లేదట. గ్లాసులు చర్చికి ఇచ్చేశారట. చాప మంచం వెనక నిలబెట్టి ఉంది. నేను నా రెండో నియమం సంగతి చెప్పుకుని నసుగుతూ ఉంటే, “నీ లెక్క సరైనదేనయ్యా, టీకి ఇద్దరుండాలి,” అని నవ్వారు. లెక్కల టీచరు సరైనదని చెబితే ఆనందించే వయసులో కూడా నాకా మార్కులు మింగుడుపడలేదు. ఆ మీదట నేను ఉద్యోగం మారి ఊరు విడిచాను. ఆవిడ కాకినాడలో తమ్ముడి దగ్గరికి వెళ్ళారని ఎవరో అన్నారు. ఆ పైన ఏమయ్యారో తెలుసుకోలేదు, తెలుసుకోవాలంటే ఒక్క ఫోను చాలు, అదీ చెయ్యలేదు.

మొన్న ఆదివారం మాత్రం ఫోన్ చేశాను, దొడ్డమ్మగారికి కాదు, ఇక్కడి జాబితా అమ్మాయికి. “మీరు ఒక్కరే కదండి అన్నయ్యగారూ, మీకెందుకు ఇబ్బందని,” అంది. దొడ్డమ్మగారి జవాబు నోటిదాకా వచ్చింది. కానీ అది గుమ్మంలో నిలబడి, నలుగురూ నవ్వుతుంటే వాళ్ళతో కలిసి నవ్వుతూ అనవలసిన మాట. ఫోనులో అంటే బతిమాలినట్టు ఉంటుంది. ఎవరైనా మానుకుంటే చెప్పమ్మా అని మాత్రం అన్నాను. “చూద్దామండి,” అంది.

అయ్యగారి నోటుపుస్తకం రోజుల్లో ఎన్ని పొరపాట్లు జరిగినా ఏ ఇల్లూ మిగిలిపోయేది కాదు. ఇప్పుడు పొరపాట్లు లేవు. అందరమూ నాలాగే చక్కగా గళ్ళు గీయడం నేర్చుకున్నాం, ఆ గళ్ళలో పట్టనివాళ్ళకి శ్రమ తప్పించాం అనుకుంటున్నాం.

చూద్దామండి అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉండరు. అయినా నిన్న సాయంత్రం బజారుకి వెళ్ళి ఒక పెద్ద చాప కొన్నాను. తలుపు వెనక నిలబెట్టాను. దారం ఇంకా విప్పలేదు.