బూరుగు దూదేనా?

నా చిన్నప్పుడు మా నాన్న దాదాపు ఏడాది పాటు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాది దర్శి దగ్గర పల్లెటూరు. కౌలుకు వేసిన పత్తిని తెల్లదోమ పీల్చేసింది. ఆసామి ఆ పొలాన్ని ఇంకొకరికిచ్చేశాడు. ఎద్దులు పోయాయి. ఇవన్నీ అందరికీ కనిపించాయి. కనిపించనిది ఇంకొకటి పోయింది. అంతకుముందు ఊళ్ళో ఎవరింటికి పత్తి చేరినా మా నాన్నను పిలిచి చూపించేవాళ్ళు. దూదిని రెండు వేళ్ళతో లాగి, పింజ, అంటే దూది పోగు, పొడుగో పొట్టో చెప్పేవాడు. ఆ ఏటి నుంచి పిలుపుల్లేవు. చేను పోయినవాడికి పత్తి గురించి తెలిసింది కూడా పోతుందన్నట్టు.

సలహాలకు మాత్రం కొదవ లేదు. మగాడివి, లేచి నాలుగూళ్ళు తిరగమనేవాళ్ళు, టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ తక్కువదాన్నేం కాదు. పదేళ్ళ పిల్లను, బళ్ళో ఫస్టు, నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఒకరోజు ఆయనకు వినపడేలా, మా నాన్నకు బద్ధకం అని పక్కింటి అక్కతో అన్నాను. ఆయన తిట్టలేదు. దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, ఎవరికి వాళ్ళం. అమ్మ కంచం పెట్టేది, కాసేపటికి అలాగే తీసేది. ఒక్క గొంతయినా వినపడాలని నేను పాఠాలు పైకి చదివేదాన్ని.

ఎండలు ముదురుతుండగా అమ్మ దూది ఏకే సాయిబు తాతను పిలుచుకొచ్చింది. పరుపు ఉండలు కట్టిందని చెప్పి నాన్న కింది నుంచి తీయించింది. పరుపు లేకపోతే మనిషి లేస్తాడని ఆవిడ ఆశ. నాన్న చాప మీదికి మారాడు, అంతే. మళ్ళీ గోడవైపే.

తాత వసారాలో కుట్లు విప్పి గుప్పెడు దూది తీశాడు. తలుపులోంచి కనిపిస్తున్న నాన్న వీపును కాసేపు చూశాడు. తర్వాత కాస్త గట్టిగా అమ్మనడిగాడు.

"ఏమ్మా, ఇది బూరుగు దూదేనా?"

జీవితమంతా దూదిలో గడిపిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా? చెట్టుకు కాసే బూరుగుకూ చేలో పండే పత్తికీ తేడా మా ఊళ్ళో పాకే పిల్లకైనా తెలుసు. పైగా అది మా నాన్న పండించిన పత్తి. చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మ చేయి నా నోటి మీద పడింది. అంత గట్టిగా ఆవిడ నన్నెప్పుడూ పట్టుకోలేదు. తాత మాకేసి చూడకుండా, బూరుగే అయ్యుంటదిలే అని గొణుక్కుంటూ దూది విడదీస్తున్నాడు. నాకు ఊపిరాడటం లేదు. అమ్మ చేయి తీయదు.

"బూరుగు కాదు."

లోపలి నుంచి వచ్చింది. మాట్లాడక బొంగురుపోయిన గొంతు.

"మరేంది అబ్బాయ్? పింజ ఇంత పొట్టిగా ఉంటే?"

"పొట్టా? నీ కళ్ళకేమైంది సాయిబూ?"

నాన్న లేచి వచ్చాడు. వెలుతురుకు కళ్ళు చిట్లించుకుంటూ తాత ఎదుట కూర్చుని, కాస్త దూది తీసి, వేళ్ళ మధ్య సాగదీసి చూపించాడు. పొద్దువాలేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. అమ్మా నేనూ వంటింట్లో కూర్చుని, ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా విన్నాం.

ఆ ఒక్కరోజుతో ఆయన బాగుపడ్డాడంటే అబద్ధం. మర్నాడు మళ్ళీ పడుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు లేచేవాడు, కొన్నాళ్ళు లేదు. పొలం తిరిగి రాలేదు. పనీ పోయి, పిలిచేవాళ్ళూ లేకుండా పోయిన మనిషికి ధైర్యం చెప్పడం దండగని మాత్రం అంటాను. కాదనేవాళ్ళుంటే రండి, తేల్చుకుందాం.

నా నోరు ఇప్పటికీ ఊరుకోదు, కాలేజీ చదువు దానికి ఇంకాస్త పదును పెట్టింది. కానీ మాట్లాడటం మానేసిన మనిషి ఎదుట మటుకు నాకు తెలిసిందే అడుగుతాను, జవాబు మింగేస్తాను. చాలాసార్లు అవతలి నుంచి ఏమీ రాదు. అయినా లేవను. ఫ్యాను చప్పుడు వింటూ అలాగే కూర్చుంటాను.