మా అమ్మాయి తలకు నేను చేసిన సేద్యం

మామిడి తోట గురించి ఏమడిగినా చెబుతాను. ఆడపిల్ల జుట్టు గురించి అడిగితే మాత్రం, ఇంత జరిగాక కూడా, నాకు తెలిసింది సున్న. తెలియని పనిలో వేలు పెట్టకుండా ఉండే ఓర్పు నాకు పుట్టుకతోనే లేదు. అసలు తంటా అంతా దాని వల్లే వచ్చింది.

దసరా సెలవులకు నూజివీడు రెసిడెన్షియల్ కాలేజీ క్యాంపస్ నుంచి ఇంటికొచ్చిన మా అమ్మాయికి టైఫాయిడ్ తగిలింది. తగ్గింది, తిరగబెట్టింది, మళ్లీ తగ్గింది. ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చి పుస్తకాలు తీస్తోందనగా జుట్టు ఊడడం మొదలైంది. దువ్వెన పెడితే చాలు, గుప్పెడు. పాపిడి వెడల్పయి మాడు కనబడేది. ఒకరోజు అద్దం ముందు నుంచి లేచొచ్చి, "ఈ తలతో నేను హాస్టల్‌కి వెళ్లను నాన్నా. వెళ్లనంటే వెళ్లను," అంది. జనవరి నెలాఖరులోగా వెళ్లి క్లాసులో కూర్చోకపోతే హాజరు చాలక ఆ సంవత్సరం పోతుంది. మా ముసునూరు నుంచి నూజివీడు ఎంత దూరమని? బస్సెక్కితే అరగంట. ఆ అరగంట దూరం పిల్లను ఎలా పంపాలో తెలియక నాకు పిచ్చెక్కింది.

ఇక సలహాలు మొదలయ్యాయి. "ఒరేయ్, రోజూ ఆముదం పెట్టి మర్దనా చెయ్యాలిరా," అని మా అమ్మ. మా ఆవిడ బడిలో టీచరు. స్టాఫ్‌రూంలో విన్నదంతా సాయంత్రానికి ఇంటికి మోసుకొచ్చేది. "ఇప్పుడు నూనె అసలు పెట్టకూడదటండీ," అంది. రోజూ తలంటుకోవాలని ఒకరు, వారానికోసారికి మించితే ఉన్నది కూడా పోతుందని ఇంకొకరు. ఫోన్లో చూస్తే ఒకాయన ఉల్లిపాయ రసం రాయమన్నాడు, ఆ కిందే ఇంకొకాయన అది రాస్తే మాడు కాలుతుందన్నాడు. ఎవరిని నమ్మాలి? ఇద్దరూ నవ్వుతూనే చెబుతున్నారు, ఇద్దరికీ జుట్టు ఒత్తుగానే ఉంది.

అప్పుడు నేను చేసిన పని మా వైపు మామిడి రైతు తప్ప ఇంకెవడూ చెయ్యడు. పూత సమయంలో మేం పురుగుకొక రోజు, తెగులుకొక రోజు, బలానికొక రోజు మందు కొట్టం. కూలీలు దొరకరు, పూత మన కోసం ఆగదు. అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి ఒకేసారి కొట్టేస్తాం. ఏది పనిచేస్తే అది పనిచేస్తుంది. కలపకూడనివి కలిపి పూత మాడగొట్టుకున్నవాళ్లను కళ్లారా చూశాను, అయినా కలుపుతూనే ఉంటాను. ఇంట్లోనూ ఆ బుద్ధే పనిచేసింది. నానబెట్టిన మెంతులు, మందారాకులు, కరివేపాకు, ఉల్లిపాయలు, పుల్ల పెరుగు, గుడ్డు, ఆముదం, అన్నీ మిక్సీలో వేసి గిర్రున తిప్పాను. దాని వాసన గురించి నన్ను అడక్కండి.

"ఇదేంటి నాన్నా?" అంది.

"ఏదో ఒకటి పట్టుకుంటుందిలే. కదలకు."

పాపం, కదల్లేదు. ముక్కు మూసుకుని రెండు గంటలు కూర్చుంది. ఆ వారంలో నాలుగుసార్లు అలా కూర్చోబెట్టాను.

వారం తిరక్కుండానే మాడంతా ఎర్రటి దద్దుర్లు. కడుగుతుంటే జుట్టు ఉండలు ఉండలుగా చేతికొచ్చింది. మా ఆవిడ నన్ను ఉతికి ఆరేసింది. "అది పిల్లనుకున్నారా, చెట్టనుకున్నారా?" అని అడిగింది.

నూజివీడులో చర్మం డాక్టరమ్మకు చూపించాం. ఏమేం కలిపానో నేను చెబుతుంటే ఆవిడ రాసుకుంటున్న పెన్ను కింద పెట్టేసింది. "పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు ఇలా ఊడుతుందండీ. చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది. మీరు మాత్రం దయచేసి ఇంకేమీ చెయ్యకండి," అంది. మాడు మంటకు ఏదో లోషన్ రాసిచ్చింది. రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర తినమంది. వేళకు పడుకోమంది. పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో నెమ్మదిగా దువ్వుకోమంది, తడి జుట్టును బిగించి జడ వెయ్యొద్దంది. ఎన్నాళ్లు పడుతుందంటే, ఆరు నెలలు ఓపిక పట్టమంది. ఆరు నెలలా! ఆరు నెలల్లో మాకు పూతొచ్చి, కాయ కోసి, లారీ ఎక్కించడం కూడా అయిపోతుంది.

చెయ్యొద్దు సరే, ఏమీ చెయ్యకుండా మనిషి ఎలా ఉండాలో ఆవిడ రాసివ్వలేదు. అందుకని దువ్వెన నేను తీసుకున్నాను. రోజూ పొద్దున్నే వరండా మెట్ల మీద మా అమ్మాయి వెనక కూర్చుని నేనే నెమ్మదిగా దువ్వేవాణ్ణి. చేతికొచ్చింది వచ్చినట్టు చొక్కా జేబులో కుక్కేసేవాణ్ణి.

"ఎంత ఊడింది నాన్నా?"

"ఏముందమ్మా, నాలుగైదు."

దిండు మీదవి, బాత్రూంలోవి కూడా తను చూడకముందే ఏరేసేవాణ్ణి. ఊడిన జుట్టు కాళ్ల కింద పడితే అరిష్టమని మా అమ్మ చిన్నప్పటి నుంచి నూరిపోసింది. అందుకే పారెయ్యడానికి చెయ్యి రాక, షెడ్డులో మామిడికాయల ట్రేల వెనక ఒక కవరులో దాచాను. రోజురోజుకీ పిల్ల మొహం తేటపడింది. అన్నం రెండోసారి వడ్డించుకుంది. ఒక రాత్రి భోజనాల దగ్గర, "ఇంక ఊడట్లేదుగా, సోమవారం వెళ్లిపోతాను," అంది. నాకు ఆనందం పట్టలేదు, ఆ వెంటనే అనుమానమూ పట్టుకుంది. నేను చేస్తున్నది మందా, మోసమా? మా ఆవిడను అడుగుదామనుకున్నాను, ఏమంటుందో తెలిసి ఊరుకున్నాను.

శనివారం పొద్దున్న నేను తోట నుంచి వస్తుంటే వీధిలో కేక వినబడింది. "చిక్కు వెంట్రుకలకు స్టీలు సామాన్లేయ్!" మోపెడ్ మీద బుట్ట కట్టుకుని ఊరూరా తిరిగే మనిషి. దువ్వెనలో వచ్చిన జుట్టు దాచుకున్నవాళ్లకు బదులుగా గిన్నో గ్లాసో ఇస్తాడు. నేను ఇల్లు చేరేసరికి మా అమ్మ వాకిట్లో అతనితో బేరమాడుతోంది. షెడ్డులో నా కవరు దొరికిందట. కోడలు కూడబెట్టిందనుకుని సంబరంగా పట్టుకొచ్చింది. అతను కవరు బోర్లించి దులిపాడు. నాలుగు వారాల జుట్టు, అతని ఒడినిండా.

"మంచి పొడుగు జుట్టండీ. లేత తలది," అన్నాడు.

మా అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది. నెమ్మదిగా దిగొచ్చి, ఒక పాయ వేళ్లతో తీసి చూసుకుంది.

"నాలుగైదే అన్నావు."

"నువ్వు భయపడతావని తల్లీ..."

"ఊడితే భయపడ్డాను, నిజమే," అంది. "కానీ అంత దాచిపెట్టాల్సినంత ఘోరంగా ఉన్నానా నాన్నా నీకు?"

కాదమ్మా, అనాలి. దాన్నుంచి దాచానో, చూడలేక నా నుంచి నేనే దాచుకున్నానో నాకే అర్థం కాలేదు. మా అమ్మ ఏం జరిగిందో తెలియక నా మొహం, దాని మొహం చూస్తోంది. పాపం ఆ మోపెడ్ మనిషి ఇబ్బంది పడిపోయి, "ఏం తీసుకుంటారమ్మా?" అన్నాడు. నేను వద్దనబోయాను. అది కళ్లు తుడుచుకుని బుట్టలోకి వంగి, అటూ ఇటూ కదిపి, మూత గట్టిగా పట్టే బాక్సొకటి ఎంచుకుంది.

"ఇదివ్వండి. హాస్టల్లో పనికొస్తుంది."

వెళ్తోంది! బతికాను అనుకున్నాను. బాక్సు పట్టుకుని మెట్లెక్కుతూ నా పక్కన ఒక్క క్షణం ఆగింది.

"రేపటి నుంచి నేనే దువ్వుకుంటాను నాన్నా," అని లోపలికి వెళ్లిపోయింది.