తైమి అమ్మమ్మ బిగించిన పిడి

తాంపెరె పట్టణంలో తైమి అమ్మమ్మ చంపినంత మందిని చంపినవాళ్లు ఇంకెవరూ లేరు. మొత్తం నూట ముప్ఫై ఏడుగురు. దొంగలు, పోలీసులు, సైనికులు, ఒక బ్యాంకు మేనేజరు, ఏ పాపమూ ఎరుగని ఒక పుచ్చకాయల బండి. ఇదంతా పదకొండు అమెరికా సినిమాల్లో జరిగింది. లెక్క కట్టింది మనవరాలు. బడి మధ్యలో మానేసిన పిల్ల కనుక ఒకటి రెండు అటూ ఇటూ కావచ్చు. బండిని కూడా మనుషుల్లో కలిపేసిందని అమ్మమ్మ తర్వాత పట్టుకుంది.

పంతొమ్మిది వందల ఎనభైల్లో ఊరి చివర ఒక చిన్న వర్క్‌షాపులో పొట్టి మెషిన్‌గన్ ఒకటి తయారయ్యేది. కొనడానికి వచ్చిన పెద్దమనుషులు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తల ఊపి, కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. కొన్ని వందలు చేశాక వర్క్‌షాపు మూతపడింది. అయితే దాని వాలకం వింతగా ఉంటుంది. గొట్టం ఒక వాటం, ఒళ్లు ఒక వాటం. అందుకేనేమో సినిమావాళ్ల కళ్లు దాని మీద పడ్డాయి. యుద్ధానికి పోని తుపాకి తెర మీదికి పోయింది.

దానికి ముందువైపు మడతపడే పిడి ఉంటుంది. పిడి మూసి ఉంటే తుపాకి పేలదు. తెరిచి, వెనక్కి లాగితేనే పేలుతుంది. తైమి పని ఆ పిడి బిగించడం, పరీక్షించడం. మూసి ట్రిగ్గరు నొక్కాలి, ఏమీ కాకూడదు. తెరిచి లాగి నొక్కాలి, లోపల టక్కుమనాలి. ఒక్కో తుపాకికి పదిసార్లు. ఎదురుబల్ల మీద స్ప్రింగు అమర్చే మనిషి పేరు రౌహా. ఇద్దరూ ఆరేళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లని మనవరాలు ఒకసారి అడిగితే, ఏమీ లేదంది తైమి. పనిలో మాట్లాడితే లెక్క తప్పుతుందట.

వర్క్‌షాపు మూతపడ్డాక ఆ తుపాకి ఉన్న సినిమా మొదటిసారి ఊళ్లోకి వచ్చినప్పుడు ఇద్దరూ ఆదివారం కోట్లు వేసుకుని వెళ్లారు. సగం సినిమాలో మీసాల విలన్ మెట్ల మీద నిలబడి ఏడుగురిని కాల్చేశాడు. హాలంతా ఊపిరి బిగపట్టిన ఆ చీకట్లో రౌహా గొంతు మామూలుగా వినిపించింది.

"తైమీ, పిడి మూసే ఉందే."

"చూశాను," అంది తైమి.

వెనక వరసలో ఎవరో నోరు మూసుకోమన్నారు. ఇద్దరూ నోరు మూసుకున్నారు కానీ భుజాలు మాత్రం సినిమా అయ్యేదాకా కదులుతూనే ఉన్నాయి.

అప్పటినుంచి అదొక అలవాటైంది. ఆ సినిమాల్లో ఏదైనా టీవీలో వస్తే రౌహా ఫోను చేసేది. పలకరింపు ఉండదు. "రెండో ఛానెల్," అనేది, అంతే. ఆమె ఇల్లు ఊరి సరస్సుకి అవతల, ఈమెది ఇవతల. రెండిళ్లలో ఇద్దరు ముసలమ్మలు రిసీవరు చెవికి ఆనించుకుని, మాట లేకుండా గంటన్నర కూర్చునేవాళ్లు. మూసిన పిడితో తుపాకి పేలినప్పుడు మాత్రం అవతలి నుంచి ఒక తుమ్ములాంటి నవ్వు వచ్చేది. ఇవతలి నుంచి ఇంకొకటి వెళ్లేది. మాట్లాడనిదానికి ఫోను ఎందుకని తైమి కూతురు విసుక్కునేది. అంతసేపు ఊరికే మాట్లాడకుండా కూర్చోవడానికి ఇంకెవరు దొరుకుతారని తైమి అడిగేది.

పోయిన ఫిబ్రవరిలో రౌహా చనిపోయింది. అంత్యక్రియల తర్వాత అందరికీ పోసే సంతాపం కాఫీల దగ్గర తైమి రెండు కప్పులు తాగి బస్సెక్కింది. ఆ తర్వాత పేపరులో టీవీ కార్యక్రమాల పేజీ చూడటం మానేసింది. ఆమెకున్న బెంగ ఒకటే. ఆ సినిమా మళ్లీ వస్తే, ఆ తప్పు ఎవరితో కలిసి చూడాలి?

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా టీవీలో వచ్చింది. పేపరులో చూసిన మనవరాలు, రౌహా చేసే పని తను చేద్దామని ఫోను చేసింది. లైను ఖాళీ లేదు. పావుగంట చేసినా లేదు. దాల్చినచెక్క బన్నులు పట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

అమ్మమ్మ బాగానే ఉంది. సోఫాలో నిటారుగా కూర్చుని, టీవీ పెట్టగానే కనబడిన ఆ సినిమానే చూస్తోంది. రిసీవరు చెవి దగ్గరే ఉంది. అందులోంచి ఒక ఆడగొంతు, రౌహా నంబరు వాడుకలో లేదని మర్యాదగా చెప్పి చెప్పి అలసి, చివరికి కూతలా మిగిలింది. ఆ కూతే వింటూ కూర్చుంది తైమి.

మనవరాలు నెమ్మదిగా రిసీవరు తీసి పెట్టేసింది. కాఫీ కాచింది. పక్కన కూర్చుంది. నిశ్శబ్దం భరించలేని పిల్ల కనుక, ఆ మీసాలవాడు ఈపాటికి తాతై ఉంటాడని, బస్సులో ఎవరో కుక్కకి కూడా టికెట్టు అడిగారని, బన్నులు కొంచెం మాడాయని చెబుతూనే ఉంది. తెర మీద మెట్లు వచ్చాయి. తైమి ముందుకు వంగింది. ఏడుగురూ పడిపోయారు. పక్కకి తిరిగి మనవరాలి మొహం చూసింది. మనవరాలు బన్నులో మాడిన ముక్క గిల్లుతోంది.

తైమి మళ్లీ తెరవైపు తిరిగింది. చెయ్యి ఒకసారి ఫోనుదాకా వెళ్లి, ఒళ్లోకి వచ్చేసింది.

సినిమా అయ్యాక, అమ్మమ్మని నవ్విద్దామని మనవరాలు తన లెక్క బయటపెట్టింది. పదకొండు సినిమాలు, నూట ముప్ఫై ఏడు శవాలు, ఊళ్లో ఎవరికీ లేని ఘనత. ఇదంతా కాగితం మీద పెడతానంది.

తైమి కప్పు కింద పెట్టింది.

"పదకొండు సినిమాలు చూశావు. ఒక్కసారైనా పిడి చూశావటే? అన్నిట్లోనూ మూసే ఉంది. ఒక్కడు కూడా చచ్చి ఉండడు."