బాబాను వంతెన దగ్గరికి చేర్చిన కథ

ఫ్రాన్సు దేశంలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. ఆ దేశానికి నేనెప్పుడూ వెళ్లలేదు. అయినా అక్కడి పల్లెదారుల్లో ఇరవై నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఒక పెద్దమనిషి పరువునూ నా సెలవునూ ఒకే గుట్ట మీది నుంచి కిందికి దొర్లించాను. గుండె నిబ్బరం లేనివారు ఇక్కడే ఆగిపోవచ్చు. ఉన్నవారు కూడా నన్ను మరీ మెచ్చుకోకండి.

నేను బహ్రెయిన్‌లో, జింజ్‌లోని ఒక విల్లాలో ఇంటిపని చేస్తాను. మా ఊరివాళ్ల లెక్కలో మాత్రం నేను దుబాయిలో ఉన్నాను. మ్యాపు చూపించినా ఒప్పుకోరు. ఇంటి యజమానిని మేమంతా బాబా అంటాం. గడ్డం ఉంటుంది, బోధనలు చేయడు. రెండేళ్లు పూర్తయ్యాయి కాబట్టి నెలరోజుల సెలవు కాగితం ఆయన టేబులు మీద పెట్టాను. సంతకం ఒక్కటే బాకీ. నా బిడ్డ నేనొచ్చాక పుట్టింది, ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. దాని దృష్టిలో నాన్నంటే అరచేయంత మనిషి, ఛార్జింగ్ అయిపోతే మాయమైపోతాడు. ఆ అభిప్రాయం మార్చాలంటే బాబా సంతకం కావాలి. బాబా సంతోషంగా ఉన్నప్పుడే కాగితాల జోలికి వెళతాడు. ఆయన మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో సంతోషం కనబడలేదు.

ఆ మోకాలు సైకిలు వల్లే పోయింది. మేడమీద ఒక గదిలో బాబాకు కదలని సైకిలు ఉంది, దాని ముందు గోడంత టీవీ. పెడలు తొక్కితే టీవీలో ఎర్రచొక్కా తొడిగిన బొమ్మ బాబా ఫ్రాన్సు పల్లెల్లో వెళుతుంటాడు. తెరలో రోడ్డు పైకి లేస్తే ఇక్కడ పెడలు బిగుస్తుంది. శుక్రవారం ఉదయం ఆయన క్లబ్బు మిత్రులు ఎవరింట్లో వాళ్లు ఎక్కి, అందరూ ఆ ఒకే రోడ్డు మీద కలుస్తారు. డాక్టరు తొక్కొద్దన్నాక బాబా రెండుసార్లు దొంగచాటుగా ఎక్కాడు. దాంతో ఆయన ఎక్కితే మేడం ఫోను మోగేలా వాళ్లబ్బాయి ఏదో ఏర్పాటు చేశాడు. ఈ సంగతి నాకు తెలియదు. తెలిస్తే మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు.

మేడం గురించి ఒక్క మాట. ఆమె ఇంట్లో ఏ వస్తువు తీసినా, తీసిన చోటే పెట్టాలి. అత్తరు సీసా ఏ వైపు చూస్తుంటే తుడిచాక ఆ వైపే చూడాలి. నాకు ముందున్న మనిషి అరంగుళం తేడాతో ఉద్యోగం పోగొట్టుకున్నాడని వంటచేసే సత్యవతక్క చెబుతుంది. ఆమెది భీమవరం దగ్గర. నన్ను బెదిరించడం ఆమెకు ఉన్న ఒకే ఒక కాలక్షేపం.

ఆ శుక్రవారం పది గంటలకు బాబా స్కానింగుకు వెళ్లాడు. పదకొండుకు వస్తానన్నాడు. మేడం సనాబిస్‌లో చెల్లెలింటికి వెళ్లింది. నేను సైకిలు తుడుస్తుంటే పెడలు తిరిగింది, టీవీ వెలిగింది. రాతి వంతెన పక్కన నిలబడ్డ ఎర్రచొక్కా బాబా రెండడుగులు ముందుకు కదిలాడు. చుట్టూ పచ్చని మెత్తటి గుట్టలు, పసుపు పూల చేలు, ఆవులు. రోడ్డు మీద నరపురుగు లేదు. రెండేళ్లుగా నేను చూసిన పచ్చదనం కొత్తిమీర కట్ట. ఎక్కేశాను.

మూడు కిలోమీటర్లు హాయిగా వెళ్లాక సత్యవతక్క గుమ్మంలో కనబడింది.

"మహేశూ, బాబాగారిని ఎక్కడికి తోలుకుపోతున్నావ్‌రా?"

"జర ముందటికి పోయినక్కా. మళ్ల ఎనకకు తెస్త."

"ఎనక్కెలా తెస్తావ్? అది సైకిలా, ట్రాక్టరా?"

అప్పుడు వెలిగింది నాకు. బాబా ఉండాల్సింది వంతెన దగ్గర. వస్తువు జరిగింది, అరంగుళం కాదు, మూడు కిలోమీటర్లు. పెడలు వెనక్కి తొక్కి చూశాను. బాబా నా వైపు వీపు పెట్టుకుని ఊరికే నిలబడ్డాడు. తెరమీద ఏవో గుర్తులున్నాయి కానీ, ముట్టుకుంటే ఇటలీలో తేలతాడేమోనని భయం. మూలనున్న చిన్న మ్యాపు చూస్తే రోడ్డు గుండ్రంగా తిరిగి మళ్లీ వంతెనకే వస్తోంది. చుట్టు మొత్తం ఇరవై నాలుగు కిలోమీటర్లు. గడియారంలో పదీ పది. నా తెలివికి నేనే మురిసిపోయి, బాబాను చుట్టు తిప్పి తెచ్చి ఎక్కడివాణ్ణి అక్కడ పెట్టేద్దామని లేచి తొక్కడం మొదలుపెట్టాను.

మా ఊళ్లో రెండు వడ్ల బస్తాలేసుకుని మిల్లుకు తొక్కిన కాళ్లు నావి. ఫ్రాన్సు గుట్టలు వాటికి గుట్టల్లా అనిపించలేదు. కాసేపటికి వెనక నుంచి నలుగురు బొమ్మమనుషులు వచ్చి కలిశారు. వాళ్లు క్లబ్బు మిత్రులని నాకేం తెలుసు? పక్కన ఎవరైనా నిలబడి చూస్తుంటే పని వేగం పెంచడం ఇక్కడికొచ్చాక పట్టుకున్న జబ్బు. పెంచాను. వాళ్లు వెనకబడ్డారు. తెరమీద బొటనవేళ్లు వరసగా లేచాయి. నేను వాటిని హెచ్చరికలనుకున్నాను.

ఇంకా ఆరు కిలోమీటర్లున్నాయనగా సత్యవతక్క ఫోను చేత్తో మూసుకుని వచ్చింది.

"మేడమ్మే. బాబాగారు గుట్టెక్కుతున్నారని తన ఫోన్లో పడిందంట, ఇప్పుడే చూసుకుందంట."

"ఇంట్ల లేడని జెప్పు."

"చెప్పాను. ఉన్నాడంటంది. ముప్పై స్పీడు మీద పోతన్నాడంటంది. స్కానింగని అబద్ధమాడాడని బయల్దేరిపోయింది. దిగరా బాబూ."

"దిగితే బాబా గుట్ట మీదనే ఉండిపోతడు గదక్కా."

ఆమె నన్నొకసారి, టీవీలో బాబానొకసారి చూసింది. ఇద్దరిలో బొమ్మ ఎవరో ఆమెకు తేలినట్టు లేదు. సనాబిస్ నుంచి జింజ్‌కు కారులో పది నిమిషాలు. నాకు కనీసం పన్నెండు కావాలి. కళ్లల్లోకి చెమట కారుతోంది. టేబులు మీది కాగితం గుర్తొచ్చింది, ఇంకా గట్టిగా తొక్కాను. కింద గేటు తెరుచుకున్న చప్పుడు. మెట్ల మీద మడమల చప్పుడు. తలుపు తెరుచుకుంది.

మా ఇంట్లో మాటలన్నీ సగం హిందీ, సగం అరబ్బీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"బాబా ఎక్కడ?" అంది మేడం.

"వస్తున్నాడు మేడం. రెండు కిలోమీటర్లలో ఉన్నాడు."

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఆ రెండు కిలోమీటర్లు ఎలా తొక్కానో చెప్పలేను. వంతెన కనబడింది. కాళ్లు ఆపేశాను. కానీ అక్కడ రోడ్డు వాలుగా ఉంది. బాబా జారుకుంటూ వంతెన దాటి పదడుగులు అవతలికి పోయి ఆగాడు. తెరనిండా రంగు కాగితాలు రాలాయి. ఇంకో చుట్టు తిప్పుదామని మళ్లీ పెడలు మీద కాలేశాను.

"ఖలాస్," అంది మేడం. "దిగు."

దిగి జరిగిందంతా చెప్పాను. ఎందుకు దిగలేదో చెప్పినప్పుడు ఆమె గోడవైపు తిరిగింది. భుజాలు కదిలాయి. కోపంతో వణుకుతోందనుకుని నేను మనసులోనే సామాను సర్దుకున్నాను.

పదకొండింటికి బాబా కుంటుతూ వచ్చాడు. ఆరు వారాలు సైకిలు ముట్టొద్దని డాక్టరు చెప్పాడట. ఆ మాట ముగిసేలోపు ఫోను మోగింది. క్లబ్బు పెద్ద. ఆ గుట్టను క్లబ్బులో ఇంతవరకు ఎవరూ ఇంత వేగంగా ఎక్కలేదట, మోకాలికి ఏ మందు వాడావని అడుగుతున్నాడు. బాబా తెర చూశాడు. నా తడిసిన చొక్కా చూశాడు. తన పనివాడు తొక్కాడని చెప్పడానికి నోరు తెరిచి, గొంతు సవరించుకుని, "అంతా దేవుడి దయ" అన్నాడు. అయితే వచ్చే శుక్రవారం అందరికంటే ముందు నువ్వే ఉండాలని అవతల ఖాయం చేసేశారు.

ఫోను పెట్టేశాక బాబా నా కాగితం తెప్పించాడు.

"శుక్రవారం నువ్వే ఎక్కాలి. నన్ను ఎంత పైకెక్కించావో అంత కిందికి దించు. నాలాగా తొక్కు. అప్పుడు సంతకం."

"మీలాగా అంటే ఎట్లా బాబా?"

జవాబు మేడం ఇచ్చింది. "నాలుగుచోట్ల ఆగు. నీళ్లు తాగు. సీటు సరిగా లేదని దిగి చూడు."

శుక్రవారం వచ్చింది. బాబా ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో పెన్ను పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. తెరమీద వేగం ఇరవైకి చేరితే పెన్నుకు మూత పెట్టేవాడు, పన్నెండుకు దిగితే తీసేవాడు. నా బిడ్డ దగ్గరికి వెళ్లే దారి ఆ మూత కింద ఉంది. గుట్ట మీద ఎవరో నన్ను దాటుతుంటే కాళ్లు వాటంతటవే లేచాయి. మూత పడింది. ఊపిరి బిగబట్టి ఆగాను, నీళ్లు తాగాను. వాళ్లంతా కనుమరుగయ్యేదాకా సీటు చూశాను. నాలుగుచోట్ల కాదు, భయంతో తొమ్మిదిచోట్ల ఆగాను. అందరూ వెళ్లిపోయి టీలు తాగాక, ఆవులు తప్ప ఎవరూ చూడని వేళకు వంతెన చేరాను.

విశ్రాంతి తీసుకోమని క్లబ్బు మొత్తం బాబాకు సందేశాలు పంపింది. ఆయన అవన్నీ చదివి, సంతకం చేసి, కాగితం నా చేతికిస్తూ నొచ్చుకున్న గొంతుతో అన్నాడు:

"నేను మరీ ఇంత ఘోరంగా తొక్కను."

కనుక పాఠకుల సాక్షిగా, కుడిచేయి చాచి, ఎడమచేత్తో సెలవు కాగితం గట్టిగా పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. జీతమిచ్చే మనిషి పేరు మీద ఇక జన్మలో ఏ గుట్టా ఎక్కను. తప్పనిసరై ఎక్కాల్సి వస్తే, ఆయన ఎంత ఘోరంగా తొక్కుతాడో ఆయన్నే అడిగి, రాయించుకుని మరీ ఎక్కుతాను.