మా చేన్లో దొరికింది, ఎవరూ తాకొద్దు

ఈ సంగతి జరిగిన వెంటనే రాయాల్సింది. రాయలేకపోయాను. అప్పటికి నాకు అక్షరాలతో ముఖపరిచయమే తప్ప స్నేహం కుదరలేదు. మా నాయన నన్ను బడికి పంపలేదని నిష్ఠూరమాడను. పంపినాడు. కానీ గొర్రెల్ని కూడా నా వెంటే పంపినాడు. బడి దగ్గర మేయడానికి కసువు లేదు. గొర్రెలు గుట్ట వైపు తిరిగేవి, వాటి వెనకే నేనూ తిరిగేదాన్ని. తర్వాత పెళ్ళి, చేను, బిడ్డలు. తల నెరిసినాక మా కోడలు సరోజ నన్ను వసారాలో కూర్చోబెట్టి పలక మీద దిద్దించింది. ఈ గొడవ జరిగిన నాటికి ఒక్క వరుస రాసేసరికి కట్టెలమోపు మోసినంత చెమట పట్టేది. ఇప్పుడు కాస్త చేయి తిరిగింది. కాబట్టి వినండి. ఒక పిట్టను కాపాడబోయి చుట్టుపక్కల ఊళ్ళ జనాన్నంతా తన చేన్లోకి దింపుకున్న ఒక మహా ఇల్లాలి కథ ఇది. ఆ ఇల్లాలి పేరు ఓబుళమ్మ. అంటే నేనే.

ముందు నా ఫోటోల పిచ్చి చెప్పాలి. సరోజ కొత్త ఫోను కొనుక్కొని పాతది నాకిచ్చింది. దాని అద్దం ఒక మూల పగిలింది గానీ కన్ను మాత్రం మంచిదే. అప్పటినుంచి తొండ కనిపిస్తే తొండ, పాలపిట్ట కనిపిస్తే పాలపిట్ట, కంపచెట్ల కింద నక్కపిల్లలు కనిపిస్తే నక్కపిల్లలు. మా పొలాల్లో నేను ఫోటో తీయని జీవి మా ఆయన రామాంజి ఒక్కడే. ఆయన కుదురుగా నిలబడడు.

ఈ పిచ్చిలో ఒక లాభం కూడా ఉంది. మావాళ్ళకు పాము కనిపిస్తే చేతిలోకి కట్టె దానంతటదే వస్తుంది. "ఉండప్పా, ఒక్క ఫోటో తీసుకోనీ" అని నేను అడ్డం నిలబడతాను. ఫోను బయటికి తీసి, కొంగుతో తుడిచి, ఎండకు చేయి అడ్డం పెట్టి, సరిగా కనపడలేదని మళ్ళీ తుడిచేలోపల పాము పక్క ఊరికి కాపురం మార్చి ఉంటుంది. అలా నేను బతికించిన పాములన్నీ ఒకనాడు కూడబలుక్కొని నాకు సన్మానం చేయడానికి రాగలవు. దయచేసి రావొద్దని వాటికి నా మనవి.

ఇక అసలు సంగతి. మా వజ్రకరూరు పక్కన తొలి వాన పడితే రెండు పనులు మొదలవుతాయి. ఒకటి శెనక్కాయ విత్తడం. రెండోది వజ్రాలు వెతకడం. వానకి మట్టి కడుక్కుపోయి రాళ్ళు పైకి తేలతాయి, వాటిలో వజ్రం ఉంటే ఉండొచ్చు. ఫలానా ఊర్లో ఫలానావాడి బామ్మర్దికి దొరికిందట అని ప్రతి ఏడూ వింటాం. ఆ బామ్మర్దిని ఇంతవరకు నేను చూడలేదు. అయినా మబ్బు విడిచీ విడవకముందే సద్దిమూటలు కట్టుకొని దూరాభారం నుంచి జనం వస్తారు.

ఆ ఏడు వాన దండిగా పడింది. చేను చూద్దామని పోతే ఒక తీతువు పిట్ట నా నెత్తి మీదికి దూకింది. "టిట్టిట్టీ టిట్టిట్టీ" అని ఒకటే తిట్లు. ఇంత పౌరుషం దేనికా అని నేల మీద వెతికితే, గంటె లోతు గుంటలో నాలుగు గుడ్లు. మట్టి రంగు, మీద నల్ల మచ్చలు. చుట్టూ ఉన్న గులకరాళ్ళకూ వాటికీ తేడా చెప్పాలంటే వాటి తల్లి రావాల్సిందే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మరుసటి పొద్దున చేన్లోకి ట్రాక్టరు రావాలి. నేను పరుగున పోయి మా ఆయనతో చెప్పాను.

"గుడ్లుండాయప్పా. అవుండే చోటు వదిలెయ్యి."

"యాడుండాయో ట్రాక్టరోనికి ఎట్ల తెలుస్తాది? ముందర నువ్వు జెండా పట్టుకొని నడుస్తావా?"

"గుర్తు పెడతా."

"పెట్టుకో. రేపు మాత్రం విత్తు పడాల్సిందే. పదును ఆరిపోతే మళ్ళీ వాన ఎప్పుడో. నీ పిట్ట వచ్చి తడుపుతాదా చేను?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. మా నేలలో తొలి వాన తడి పాలపొంగు లాంటిది, పక్కకు చూసేలోపల ఉండదు. అయితే ఆ తల్లి నా కళ్ళ ముందు గుడ్ల మీద కూర్చుంది. వాటి మీద ట్రాక్టరు చక్రం పోనివ్వనని గట్టిగా అనుకున్నాను. గట్టు మీద తెల్లటి పలుగురాళ్ళు ఏరుకొచ్చి, నీటిగుంటలో తళతళా కడిగి, గుడ్ల చుట్టూ పేర్చాను. వంట గిన్నెలకు కూడా నేను అంత మెరుపు తెప్పించలేదు. తర్వాత ఫోటో తీశాను. పొద్దు వాలుతున్న ఎండ ఏటవాలుగా పడుతోంది, ఫోటో ఎంత బాగా వచ్చిందో! ఊరివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద చెమటోడ్చి ఇలా రాశాను.

"మా చేన్లో దొరికింది. ఎవరూ తాకొద్దు. నేను కాపలా ఉంటా."

గుడ్లు అని ఎందుకు రాయలేదంటారా? ఫోటోలో నాకు నిక్షేపంగా కనిపిస్తున్నాయి. కనిపించేదాన్ని మళ్ళీ రాయడం దేనికి? అదీగాక చెమట.

తెల్లవారి నేను చేను చేరేసరికి గట్టు పొడుగునా బండ్లు. చేను నిండా మనుషులు, అందరూ నడుములు వంచి, తలకాయలు నేలకేసి. పెళ్ళిలో ముక్కుపుడక పోగొట్టుకున్నవాళ్ళలా ఉన్నారు. పైన తీతువు పిట్ట గొంతు చించుకుంటోంది.

"ఏమప్పా, ఎవురు మీరంతా? మా చేన్లో ఏం పని?" అని అరిచాను.

అందరూ ఒక్కసారి తలలెత్తారు. ఒకాయన నన్ను చూసి నమస్కారం పెట్టాడు. జన్మలో నాకెవరూ అలా పెట్టలేదు.

"అమ్మా, దొరికింది నీకేనా? ఎంత లావుండాది?"

అప్పుడర్థమైంది నాకు. ఫోటో ఊరి గ్రూపులో నుంచి ఇంకో గ్రూపులోకి, అక్కడ నుంచి పామిడికి, పామిడి నుంచి ఇంకెక్కడికో రెక్కలు కట్టుకొని ఎగిరింది. దాంట్లో గుడ్లు మట్టిలో మట్టయిపోయాయి. మెరిసేవి నా పలుగురాళ్ళు మాత్రమే.

"అయ్యో, అవి వజ్రాలు కాదప్పా! పిట్ట గుడ్లు!"

"సరేలేమ్మా" అన్నాడాయన, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు. "దొరికినోళ్ళు ఎవురైనా దొరికిందంటారా?"

ఫోను తీసి చూపించాను. "ఇదో సూడు, నాలుగు గుడ్లు."

"యాడ?"

"ఇదో, నా వేలు కింద."

"వేలు తియ్యి. ఇవి గులకరాళ్ళు గదమ్మా. మరి ఈ తెల్లది ఏంటికి మెరుస్తాండాది?"

"నేను కడిగినా కాబట్టి!"

"రాయిని ఏంటికి కడిగినావ్?"

దీనికి జవాబు మీరే చెప్పండి.

ఇంతలో పక్క చేను నారాయణప్పన్న వచ్చాడు. మా గట్టూ ఆయన గట్టూ ఒకటే. నోరూ గట్టిదే.

"ఓబుళమ్మా, మీ చేను పల్లం. మాది మిట్ట. అవునా కాదా?"

"అవునన్నా, అయితే?"

"మొన్న వానకి ఆ రాయి మా చేన్లోంచే జారొచ్చింటాది. కాబట్టి సగం నాది."

"గుడ్లు జారొస్తాయా అన్నా!"

"ఏదైనా కానీ. సగం."

ఇక మాటలతో లాభం లేదని తెలిసింది. జనం కాళ్ళు గుడ్ల వైపుకే వస్తున్నాయి. నేను పరుగున పోయి పలుగురాళ్ళ పక్కన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. అది ఇంకో తెలివితక్కువ పని.

"సూడండప్పా, దాని మీదే కూచునింది!"

చేను నాలుగు మూలలవాళ్ళూ నా చుట్టూ మూగారు. పిట్ట పైనుంచి ఒకాయన తలపాగాను తన్నిపోయింది. "వజ్రానికి కాపలా ఉండాదంటే ఇదేరా" అని ఆయన మురిసిపోయాడు. పామిడి నుంచి వచ్చిన ఒక అవ్వ సద్దిమూట చంకన పెట్టుకొని నా మొహం మీదికి వంగింది. "జరుగు తల్లీ, ఒక్క తూరి కంటితో చూసి పోతా. తాకను" అంది. ఆమె వెనక తొక్కిసలాట. ఎవరిదో చెప్పు గుడ్లకు జానెడు దూరంలో దిగబడింది.

నాకు కోపం నెత్తికెక్కింది. "ఈ రాళ్ళే కదా మీకు కావాల్సింది? తీసుకోండి!" అని ఒక పలుగురాయి తీసి రోడ్డు వైపు విసిరేశాను. జనం అటు పరుగెత్తారు. ఆహా, ఇంత సులభమా! ఇంకోటి తీసి వాన నీళ్ళు పారే వంక వైపు విసిరాను. మిగిలినవాళ్ళు అటు పరుగెత్తారు. ఇంకోటి గట్టు వైపు. నారాయణప్పన్న పంచె ఎగ్గట్టి గట్టు మీదికి లంఘించాడు. కోళ్ళకు గింజలు చల్లినట్టు చల్లి, అన్ని రాళ్ళూ అయిపోగొట్టి, చేతులు దులుపుకొని, విజయగర్వంతో లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాను.

గుడ్లు లేవు.

ఉన్నాయి. ఎక్కడికీ పోలేదు. కానీ గుర్తురాళ్ళన్నీ నేనే విసిరేశాను కదా! ఇప్పుడు చేను నిండా గులకరాళ్ళు. ఏది గుడ్డో, ఏది రాయో, నా కాలి కింద ఏముందో ఆ దేవుడికి తెలియాలి. ఎత్తిన కాలు ఎత్తినట్టే పట్టుకొని ఒంటికాలి మీద నిలబడిపోయాను, చెరువులో కొంగలాగా.

సరిగ్గా అప్పుడే మా ఆయన ట్రాక్టరు వెంటబెట్టుకొని వచ్చాడు. చేన్లో జాతర, నడుమ ఒంటికాలి మీద పెండ్లాం.

"మేయ్, ఏం చేస్తాండావే?"

"గుడ్లు పోయినాయప్పా!"

"గుర్తు పెట్టినా అంటివే?"

"విసిరేసినా!"

ఆయన ట్రాక్టరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఆకాశం వైపు చూశాడు. అక్కడ తీతువు ఇంకా తిరుగుతోంది. నేనూ చూశాను. అప్పుడు తట్టింది. గుడ్లు ఎక్కడున్నాయో ఈ చేన్లో తెలిసింది దానికొక్కదానికే.

తడి మట్టిలో నా అడుగులు నాకు కనిపిస్తున్నాయి. వాటిలోనే కాలు పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కాను. పలుగురాళ్ళు చేతబట్టుకొని, ఇవి వజ్రాలు కావని తెలిసి, జనం మళ్ళీ నా మీదికి వస్తున్నారు. నేను గట్టు మీద నిలబడి, గొర్రెల్ని అదిలించిన గొంతుతో అరిచాను.

"అందరూ ఈడికి రాండి! చేన్లో ఒక్కరు ఉండకూడదు. సద్దు లేకుండా కూచోండి. ఆ పిట్ట వచ్చి కూచుంటే ఉండేవి గుడ్లు. మీరంతా ఇంటికి పోవాల. పిట్ట రాకపోతే చేను మీది. సాయంత్రం దాకా తవ్వుకోండి, నేను నోరెత్తను."

"మేయ్! చేను మీది అంటావేమే!" అన్నాడు మా ఆయన.

"సుమ్నుండు, మాట్లాడొద్దు. వస్తాది."

పైకి అలా అన్నాను గానీ, లోపల నాకూ అనుమానమే. ఇన్ని కాళ్ళు తొక్కినాక వస్తుందా? గుడ్లు మిగిలి ఉన్నాయా? రాకపోతే గుడ్లూ పోతాయి, విత్తూ పోతుంది, ఇంటికి పోతే నా మొహం ఏ గోడకు తిప్పుకోవాలి?

పిట్ట దిగింది. నాలుగడుగులు పరిగెత్తింది, ఆగింది. అటూ ఇటూ చూసి, గుడ్ల వైపు కాదు, నీటిగుంట వైపు పోయింది.

"దప్పికయినట్టుండాది. ఇంక రాదులే" అన్నాడు నారాయణప్పన్న, లేవబోతూ.

అది నీళ్ళు తాగలేదు. గుంటలో పొట్ట ఆనించి కూర్చొని, ఈకలు తడిసేదాకా అటూ ఇటూ ఊగింది. లేచి, పొట్ట కింద నీళ్ళు కారుతుండగా గబగబా చేను నడిమికి వచ్చింది. ఒకచోట ఆగి, వంగి చూసుకొని, మెల్లగా సర్దుకొని కూర్చుంది. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. దాని పొట్టకంటిన నీళ్ళు గుడ్లను చల్లబరుస్తున్నాయి.

పామిడి అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా తల్లి... నీళ్ళు మోసుకొచ్చిందే!"

అక్కడున్న ఆడవాళ్ళలో నీళ్ళు మోయని నెత్తి లేదు. అవ్వ ముందు లేచింది. "పదండప్పా, బాలింత ఇంటి ముందర ఇంతమందిమి ఏంది" అని సద్దిమూట ఎత్తుకుంది. పోయేముందు ఒక్కొక్కరూ గట్టు మీది నుంచే ఫోను పైకెత్తి ఫోటో తీసుకున్నారు. డ్రైవరు ఆ చోటు చుట్టూ కొంత దూరం వదిలి, అడగకుండానే వంపు తిప్పి విత్తు వేశాడు. మా ఆయన తల గోక్కున్నాడు, అంతే.

చివరిదాకా నిలబడింది నారాయణప్పన్న.

"ఓబుళమ్మా."

"ఏమన్నా?"

"ఆ పిట్ట మా చేన్లోంచే వచ్చింటాది."

ఆ సాయంత్రం దీపం పెట్టి, చేతులు కడుక్కొని, సరోజను సాక్షిగా నిలబెట్టి ప్రమాణం చేశాను. తొలకరి రోజుల్లో మెరిసే వస్తువు దేన్నీ ఫోటో తీయను. పిట్టను గానీ గుడ్డును గానీ తీస్తే, ఎంత చెమట పట్టినా సరే, కింద దాని పేరు రాస్తాను. ప్రాణమున్నంత వరకు రాళ్ళు కడగను. "ఫోటోలు తీసేదే మానుకో అత్తా" అంది సరోజ. అది మాత్రం ప్రమాణంలో కలపలేదు.

మరుసటి రోజు తెల్లవారి ఒక్కదాన్నే గట్టు మీదికి పోయాను. పిట్ట గుడ్ల మీదే ఉంది. దూరం నుంచే ఫోటో తీసి గ్రూపులో పెట్టి, కింద రాశాను: "తీతువు. గుడ్లు పొదుగుతోంది. రాయి ఏమీ లేదు."

తిరిగి వస్తుంటే వంక దగ్గర మట్టిలో ఏదో తళుక్కుమంది. అటు చూశాను, ఇటు చూశాను. ఎవరూ లేరు. వంగి తీసి, గబుక్కున కొంగున ముడేసి, ఇంటిదాకా పరుగులాంటి నడక నడిచి, తలుపు దగ్గరికేసి, వెలుతురులో విప్పి చూసుకున్నాను.

నిన్న నేను విసిరిన పలుగురాయి.

ఫోటో మాత్రం తీయలేదు. ప్రమాణం ప్రమాణమే.