నాలుగో ముద్దాయి పాస్‌పోర్టు

కొల్లేటి పక్క మా ఊళ్ళల్లో కొట్లాట జరిగితే కర్ర పట్టినవాళ్ళ పేర్లు వేరు, స్టేషన్‌లో రాయించే పేర్లు వేరు. ఆ ఇంట్లో ఉద్యోగం రాబోయేవాడెవడు, పెళ్ళి కుదిరినవాడెవడు, ఊరు దాటబోయేవాడెవడు అని చూసి వాడి పేరు ముందు ఎక్కిస్తారు. కర్ర పట్టినవాడికి కేసంటే లెక్కేమిటి? వాయిదాకి ఏలూరు పోయి బిర్యానీ తిని వస్తాడు. ఎదగబోయేవాణ్ణి ఇరికిస్తేనే ఇల్లు మొత్తం ఏడుస్తుంది. ఈ తెలివి మాకు పుట్టుకతో వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా బాబాయి పడవ తోసే గెడ తిప్పి అవతలివాళ్ళ పెద్దకొడుకు దవడ పగలగొట్టిన రోజు నేను తాడేపల్లిగూడెంలో కరాటే పోటీలో ఉన్నాను. చేపల చెరువు గట్టుకి గండి ఎవరు కొట్టారన్నది గొడవ. నేను ఇల్లు చేరేసరికి గట్టు మీద రక్తం ఎండిపోయింది, గడ్డిలో రెండు పళ్ళు పడి ఉన్నాయి. ఫిర్యాదులో నేను నాలుగో ముద్దాయిని. మావాళ్ళేం తక్కువ తిన్నారా? ఎదురు కేసు పెట్టి, ఆ రోజు ఊళ్ళోనే లేని వాళ్ళ చిన్నకొడుకు పేరు ఎక్కించారు. అతను అప్పటికే కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. కేసుందని ఆ ఉద్యోగం పోయింది. ఆ కబురు విని మా బాబాయి కోడిని కోయించాడు. కూర నేనూ తిన్నాను. బాగుంది.

నా వంతు తరువాతి ఏడాది వచ్చింది. ఏలూరులో మా కరాటే మాస్టారు నన్ను నలగ్గొట్టి తయారుచేశారు. మాటవరసకి అనడం లేదు, చెయ్యి కాస్త దించితే బెత్తంతో ముంజేతుల మీద వాతలు తేలేలా కొట్టేవారు. జపాన్‌లో, ఓకినావాలో ఉన్న ఆయన గురువుగారు నన్నొక ఏడాది తన దగ్గర ఉంచుకుని నేర్పుతానన్నారు. నా బెల్టు సర్టిఫికెట్లు, మాస్టారి ఉత్తరం అక్కడి వీసాల ఆఫీసులో చూపించి, అర్హత పత్రం సంపాదించి పంపారు. దాని గడువు మూడు నెలలు. ఆలోపు వీసా తీసుకుని విమానం ఎక్కాలి. దానికి పాస్‌పోర్టు కావాలి, దరఖాస్తు పెట్టాను. విచారణకి వచ్చిన కానిస్టేబుల్ మా అరుగు మీద టీ తాగి, "కేసుంది కదండీ, నేనేం రాయనండి?" అని లేచిపోయాడు.

కోర్టు అనుమతి తెచ్చుకోవచ్చు గానీ అది తేలేసరికి పత్రం గడువు దాటుతుందని, లోక్ అదాలత్‌లో రాజీ పడితేనే త్వరగా తెమిలిపోతుందని ప్లీడరుగారు చెప్పారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మా బాబాయి పెద్దమనుషుల్ని వెంటేసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. దవడ వంకరపోయిన పెద్దకొడుకు కూడా చివరికి సరేనన్నాడు. చిన్నకొడుకే ఒప్పుకోలేదు. అతను ఒప్పుకోనిదే సంతకం పెట్టనని తండ్రి భీష్మించుకున్నాడు. వారం తరువాత, నన్ను ఒక్కణ్ణే గట్టు మీదికి రమ్మని అతని దగ్గర నుంచి కబురొచ్చింది.

అతనూ నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ, బడికి వెళ్ళే పడవ కూడా ఒకే దోనె. ఇప్పుడు అతను చేపల ప్యాకింగ్ షెడ్డులో ఐసు కొట్టి పెట్టెల్లో సర్దుతున్నాడు. వేళ్ళు పగిలి ఎర్రగా ఉన్నాయి. మావైపు కోపం ఎంత ముదిరితే అండీలు అంత పెరుగుతాయి.

"చేతులు వెనక్కి కట్టుకోండి. నా కసి తీరేదాకా కొడతానండి. తీరాక నాన్నగారితో సంతకం నేనే పెట్టిస్తాను."

కట్టుకున్నాను. ఏడాదంతా కావాలనుకున్న దేశం ఆ దెబ్బల అవతల ఉంది. మొదటి దెబ్బ చెవి మీద పడింది, లోపల గుయ్‌మంది. తరువాత కడుపులో. వంగినవాణ్ణి జుట్టు పట్టి లేపి ముక్కు మీద గుద్దాడు. రక్తం నోట్లోకి దిగింది. కొడుతూ అతనే ఏడుస్తున్నాడు. "నేను ఊళ్ళోనే లేనండి, నేను ఊళ్ళోనే లేనండి" అంటూ కొట్టాడు. నేనూ లేనుకదా అని అరవాలనిపించింది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. వెనక నా ఎడమచెయ్యి మణికట్టుని కుడిచెయ్యి నెత్తురు కక్కేలా నొక్కుతోంది.

పిడికిలి గొంతు మీదికి వచ్చినప్పుడు చేతులు విడిపోయాయి. నేను విప్పలేదు. ఎడమచెయ్యి అతని మణికట్టు పట్టింది, కుడి అరచెయ్యి మోచేతిని కింది నుంచి కొట్టింది. ఎండిన తాటిమట్ట విరిచినట్టు చప్పుడైంది. చెయ్యి వంగకూడని వైపు వంగింది. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చింది. అతను బురదలో కూలబడి ఆ చేతిని వేరే ఎవరిదో అన్నట్టు చూశాడు. నాకు జాలి వెంటనే రాలేదు. ముందు సంతోషం కలిగింది, ఇంకోటి తగిలించాలనిపించింది. భయం ఆ తరువాతే వచ్చింది.

బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో నా నడుముకి కట్టేసుకుని ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. గతుకు వచ్చినప్పుడల్లా కేక రాకుండా నా భుజం కొరికాడు. ఆసుపత్రికి చేరేసరికి నా చొక్కా వెనకంతా తడిసిపోయింది.

సాయంత్రం వాళ్ళ నాన్న వచ్చాడు. వాంగ్మూలం రాసుకునే కానిస్టేబుల్ కాగితం తియ్యగానే పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మా బాబాయి, మా బావ, ఆ మధ్యే ఇంజనీరింగ్ సీటొచ్చిన మా బాబాయి కొడుకు. నా పేరు నాలుగోది. మంచం మీద నుంచి కొడుకు తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాళ్ళెవరూ లేరు నాన్నా. ఇతనొక్కడే."

కానిస్టేబుల్ నా ముక్కు మీద గడ్డకట్టిన రక్తం చూశాడు. మీరేనా అని అడిగాడు. నేనేనండి అన్నాను. ఆ ఒక్క ముక్కతో జపాన్ పోయిందని నాకు తెలుసు. అతను అప్పటిదాకా రాసిన పేర్లు కొట్టేసి నా పేరు రాసుకున్నాడు. ఇంకెవరు కలిశారని అడిగాడు.

ఇంకెవరూ లేరని ఇద్దరం ఒకేసారి చెప్పాం.