కరుణ చేతులు, నా చేతులు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, కన్నబిడ్డను ఈ చేతులతోనే పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి వరి నాటుకు పోయినదాన్ని నేను, ముందు ఆ మాట ఒప్పుకున్నాకే మిగతాది చెప్తాను.

అప్పటికి నిజాం సర్కారు పోయి కొన్నేండ్లయింది. మాది కేతేపల్లి దగ్గర పల్లె, మా ఇంటాయన జ్వరంతో చనిపోయాడు, నాకు మిగిలింది ఒక్క కరుణే. దానికి ఐదేండ్లు వచ్చినా మాట లేదు, పిలిస్తే చూడదు, ఎత్తుకుంటే ఒళ్ళు కాలినట్టు ఏడుస్తుంది, అన్నం మెతుకు చేతికంటితే తల గోడకేసి కొట్టుకుంటుంది! ఎండిన జొన్నరొట్టె తప్ప ఏదీ తినదు. ఇప్పటి డాక్టర్లు దీన్ని ఆటిజం అంటున్నారు. మా ఊళ్ళో గాలి సోకిందన్నారు, తల్లి చేసిన పాపమన్నారు. వదిలితే వాగులోకి నడిచిపోతుందని కట్టేశాను, మడిలో వంగి నాటు వేస్తూ ఏడ్చాను.

అంతలో నాకే కుష్ఠు బయటపడింది, వేళ్ళు వంకరపోయాయి. మా అత్త వాకిట్లో నిలబడి, "నువ్వు దవాఖానకు పో బిడ్డా, గీ పిల్లను నేనొక్కదాన్ని సూడలేను, దీన్ని గూడ తోల్కపో" అంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆ మాటతోనే దేవుడు మమ్మల్ని దారి పట్టించాడు!

మిషన్ దవాఖానలో నా చేతికి ఆపరేషన్ చేశారు. వేళ్ళకు మళ్ళీ పని నేర్పడానికి ఒక సహోదరి ఉండేది, రోగులందరం అక్కయ్య అనేవాళ్ళం. ఆమె చదివిన చదువును ఆక్యుపేషనల్ థెరపీ అంటారట, మాకు మాత్రం అది చేతుల బడి. రోజూ పొద్దున వరండాలో చాప మీద కూర్చుని ఒక గిన్నెలోని చింతగింజలు ఏరి ఇంకో గిన్నెలో వేయాలి. ఆ నీరెండ, ఆ ఫినాయిలు వాసన, గిన్నెలో గింజ పడిన చప్పుడు, కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ అక్కడే ఉంటాను.

ఒకరోజు నా చేతిలోంచి జారిన గింజలను కరుణ నేల మీద వరుసగా పేర్చింది. నేను లాక్కోబోతే అక్కయ్య ఆపి, "జర ఆగమ్మా, పిల్ల పని చేస్తాంది" అంది. బిడ్డను ముట్టుకోలేదు, రమ్మని పిలవలేదు, కాస్త దూరంలో కూర్చుని తానూ ఒక వరుస పేర్చింది. అలా ఎన్ని రోజులో! గింజలయ్యాక పొడి ఇసుక, తడి ఇసుక, ఆ తరువాత జొన్నపిండి, కరుణ చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ పూటకు బడి అయిపోయినట్టే. నేను వేళ్ళు చాపడం నేర్చుకుంటుంటే నా పక్కనే నా బిడ్డ ముట్టుకోవడం నేర్చుకుంది.

అప్పటిదాకా దానికి మాటలు రప్పించమనే దేవుణ్ణి అడిగినదాన్ని, ఆ వరండాలో ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఇన్నేండ్లు దీన్ని మార్చుమని అడిగిన, ఇగ నన్ను మార్చు. దీని తోవ నాకు సూపెట్టు."

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం కరుణ కంచం ముందు కూర్చుని, పప్పన్నం తన వేళ్ళతో కలుపుకుని తిన్నది! కంచాలు పక్కన పెట్టి రోగులంతా దేవునికి స్తోత్రం అన్నారు, అక్కయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరువాత ఎన్నో ఏండ్లు ఆ దవాఖాన వంటింట్లో కరుణే రొట్టెలు చేసింది, అన్నీ ఒక్క కొలత! మాట మాత్రం ఈనాటికీ రాలేదు. అయినా ఆకలైతే నా చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకుపోతుంది, అంతకన్నా నాకేం కావాలి, దేవునికే మహిమ!

అక్కయ్య ఇప్పుడు లేదు, ఆ వరండా కూడా లేదు. మన ఆరాధనలో డప్పు మోగగానే చెవులు మూసుకుని బయటికి పోయేది నా కరుణే, మీరంతా చూసే ఉంటారు. తల్లులారా, మీ ఇంట్లో తలుపు వెనుక అలాంటి బిడ్డ ఉంటే సిగ్గుపడి దాచకండి, ఎవరినీ తోసివేయని ప్రభువును నమ్మి వచ్చే ఆదివారం తీసుకురండి. అరిచినా ఫికర్ లేదు. బయట మెట్ల మీద కరుణ పక్కన జాగా ఉంది.